లారీ డ్రైవర్ల వైద్య పరీక్షలలో స్లీప్ ఆప్నియా

స్లీప్ ఆప్నియా అనగా నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగి, తిరిగి మొదలయ్యే ఒక రుగ్మత. ఈ రుగ్మత ఉన్నవారు రాత్రంతా పడుకున్నా తగిన విశ్రాంతి పొందలేరు. పగటిపూట, పని మధ్యలో, తమకు తెలియకుండానే కునికిపాట్లు పడతారు. లారీ, బస్సు, ట్యాంకరు వంటి భారీ వాహనాలు నడిపేవారికి ఈ కునుకు ప్రాణాంతకం కాగలదు. అందువలన కొన్ని దేశాలలో డ్రైవరుకు వైద్య ధ్రువపత్రం ఇచ్చే ముందు ఈ రుగ్మత ఉన్నదీ లేనిదీ పరిశీలిస్తారు. భారతదేశంలో డ్రైవింగ్ లైసెన్సు కొరకు సమర్పించే వైద్య ధ్రువపత్రంలో దీనిని గురించి ప్రశ్న లేదు. ఈ రుగ్మత స్వభావము, మన దేశపు నిబంధనలు, ఇతర దేశాల అనుభవము, హైదరాబాదు పశ్చిమ భాగంలోని మణికొండ పరిసరాలలో ఈ విషయానికి గల ప్రాముఖ్యత ఈ వ్యాసంలో వివరించబడినవి.

రుగ్మత స్వరూపం

నిద్రపోయినపుడు గొంతులోని కండరాలు సడలుతాయి. కొందరిలో ఈ సడలింపు వలన నాలుక, కొండనాలుక, గొంతు గోడలు దగ్గరై గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఛాతీ గాలి కొరకు ప్రయత్నిస్తూనే ఉంటుంది గాని గాలి లోనికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు మేల్కొని కండరాలను బిగిస్తుంది. అపుడు పెద్ద గురకతో శ్వాస తిరిగి మొదలవుతుంది. ఈ మెలకువ కొద్ది క్షణాలు మాత్రమే ఉండటం వలన ఉదయానికి అది మనిషికి గుర్తుండదు. దారి మూసుకుపోవటం వలన కలిగే ఈ రకాన్ని అవరోధక స్లీప్ ఆప్నియా అంటారు. మెదడు నుండి శ్వాసకు ఆదేశం అందకపోవటం వలన కలిగే రకం మరొకటి ఉన్నది కాని అది అరుదు.

పది సెకన్లు గాని అంతకంటె ఎక్కువ సేపు గాని శ్వాస ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. శ్వాస పూర్తిగా ఆగకుండా బాగా తగ్గిన సందర్భాలను కూడా దీనితో కలిపి, నిద్రలో గంటకు సగటున ఎన్నిసార్లు ఇలా జరిగినదో చూస్తారు. ఈ సంఖ్యను ఏ.హెచ్.ఐ. అంటారు. ఇది 5 నుండి 15 లోపు ఉంటే స్వల్పము, 15 నుండి 30 లోపు మధ్యస్థము, 30 గాని అంతకు మించి గాని ఉంటే తీవ్రము అని వర్గీకరిస్తారు. తీవ్ర దశలో ఉన్న మనిషి నిద్ర సగటున రెండు నిమిషాలకొకసారి భంగమవుతుందన్నమాట.

స్థూలకాయం, మెడ లావుగా ఉండటం, చిన్న దవడ, పెరిగిన టాన్సిల్స్, మద్యపానం, వయసు దీనికి ముఖ్యమైన కారణాలు. స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువగా కనబడుతుంది. అధిక రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బులతో దీనికి దగ్గర సంబంధం ఉన్నది. గంటల తరబడి కూర్చొని ఉండటం, వేళ తప్పిన భోజనం, ధాబాలలో నూనె వంటలు, నిద్రలేమి కలసిన లారీ డ్రైవరు జీవితంలో ఈ కారణాలలో అనేకం ఒకేచోట చేరుతాయి.

2019లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుండి 69 సంవత్సరాల వయసు గలవారిలో 93.6 కోట్ల మందికి ఏ.హెచ్.ఐ. 5 గాని అంతకంటె ఎక్కువ గాని ఉన్నది. భారతదేశంలో జరిగిన అధ్యయనాలను సమీకరించి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ప్రచురించిన సమీక్ష ప్రకారం దేశంలో వయోజనులలో సుమారు 11 శాతం మందికి, పురుషులను విడిగా తీసుకుంటే సుమారు 13 శాతం మందికి ఈ రుగ్మత ఉన్నది.

తెలుగునాట గురకను జబ్బుగా చూడటం అలవాటు లేదు. గురక పెట్టి నిద్రపోయాడంటే ఒళ్ళెరుగక హాయిగా నిద్రపోయాడనే అర్థం. అందుచేత ఈ రుగ్మత ఉన్నవారిలో అనేకులు ఏ వైద్యునికీ ఆ విషయం చెప్పుకోరు.

రోడ్డు ప్రమాదాలతో సంబంధం

చికిత్స పొందని స్లీప్ ఆప్నియా ఉన్న డ్రైవర్లకు ప్రమాదాలు జరిగే అవకాశం ఇతరులతో పోలిస్తే సుమారు రెండు నుండి మూడు రెట్లు ఎక్కువని వివిధ అధ్యయనాల సమీక్షలు తెలుపుతున్నాయి. కునుకు వలన జరిగే ప్రమాదాలకు ఒక ప్రత్యేక లక్షణం ఉంటుంది. డ్రైవరు బ్రేకు వేయడు, స్టీరింగు తిప్పడు. వాహనం పూర్తి వేగంతోనే ఎదుటి వాహనాన్నో, ఆగి ఉన్న లారీనో, డివైడరునో ఢీకొంటుంది. అందువలన ప్రాణనష్టం ఎక్కువగా ఉంటుంది. ఇటువంటివి తెల్లవారుజామున రెండు నుండి ఆరు గంటల మధ్య, తిరిగి మధ్యాహ్నం రెండు నుండి నాలుగు గంటల మధ్య ఎక్కువగా జరుగుతాయి.

2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో జాతీయ రహదారిపై ఒక టెంపో వాహనం డివైడరు దాటి ఎదురుగా వస్తున్న లారీని ఢీకొనగా 14 మంది మరణించారు. డ్రైవరు నిద్రమత్తులోకి జారుకొని ఉండవచ్చునని అపుడు అనుమానించారు. ఇటువంటి సంఘటనలలో "నిద్రమత్తు" అన్న మాటతోనే విచారణ ముగియటం పరిపాటి. ఆ నిద్రమత్తు విశ్రాంతి లేక వచ్చినదా, లేక రుగ్మత వలన వచ్చినదా అన్న ప్రశ్న సాధారణంగా రాదు. డ్రైవరు మరణిస్తే దానిని తెలుసుకునే మార్గం కూడా దాదాపు ఉండదు.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. ఈ ప్రమాదాలను అతివేగం, మద్యం సేవించి నడపటం, తప్పు దిశలో నడపటం, సెల్ ఫోను వాడకం, ఎర్రదీపం దాటటం వంటి శీర్షికల క్రింద వర్గీకరించారు. నిద్రకు ఈ పట్టికలో విడిగా స్థానం లేదు. కునుకు తీసి ఢీకొన్న లారీ తరచు అతివేగం లెక్కలోనో, ఇతర కారణాల లెక్కలోనో చేరిపోతుంది.

మణికొండ పరిసరాలలో పరిస్థితి

మణికొండ రంగారెడ్డి జిల్లా, గండిపేట మండలంలో ఉన్నది. ఒకప్పుడు చిన్న గ్రామమైన ఈ ఊరు 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత, ఐ.టి. ఉద్యోగుల నివాస ప్రాంతంగా వేగంగా పెరిగినది. 2018లో పుప్పాలగూడ, నెక్నాంపూర్‌లతో కలిపి దీనిని పురపాలక సంఘంగా ఏర్పరచారు. దీనికి సమీపంలోని నార్సింగి మీదుగా 158 కిలోమీటర్ల జవహర్‌లాల్ నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు వెళుతుంది. ఈ రహదారిలో మొదటి భాగమైన గచ్చిబౌలి - శంషాబాద్ మార్గం 2008 నవంబరులో ప్రారంభమైనది.

ఇచట నివసించేవారిలో అధికులు కంప్యూటరు ముందు పనిచేసేవారైనా, ఈ ప్రాంతపు నిత్యజీవనం డ్రైవర్లపై ఆధారపడి ఉన్నది. బహుళ అంతస్తుల భవనాలకు ఇసుక, కంకర, స్టీలు తెచ్చే లారీలు, రెడీమిక్స్ కాంక్రీటు వాహనాలు, బండరాళ్ళు పగులగొట్టగా వచ్చిన మట్టిని తరలించే టిప్పర్లు, వేసవిలో అపార్టుమెంట్లకు నీరు తెచ్చే ట్యాంకర్లు, రాత్రి షిఫ్టు ఉద్యోగులను చేరవేసే క్యాబులు, బెంగుళూరు, విజయవాడల వైపు వెళ్ళే ప్రైవేటు బస్సులు ఇందులో ముఖ్యమైనవి. నగరంలో పగటి వేళల భారీ వాహనాల రాకపోకలపై ఆంక్షలు ఉండటం వలన లారీలు, టిప్పర్లు ఎక్కువగా రాత్రిపూటనే తిరుగుతాయి. అనగా మనిషి శరీరం సహజంగా నిద్ర కోరే వేళలోనే వీరు స్టీరింగు పట్టుకోవలసి వస్తున్నది. పగలు ఎండలో, ఇంజను వేడి తగ్గని క్యాబినులో, నిర్మాణ స్థలాల చప్పుడు మధ్య తీసే నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. స్లీప్ ఆప్నియా కూడా తోడైతే ఆ కొద్దిపాటి నిద్ర కూడా ముక్కలవుతుంది.

భారతదేశంలో వైద్య ధ్రువీకరణ

డ్రైవింగ్ లైసెన్సుల జారీని మోటారు వాహనాల చట్టం, 1988 మరియు కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 నిర్దేశిస్తాయి. ఇందులో రెండు ఫారములు ఉన్నవి.

ఫారం 1 అభ్యర్థి స్వయంగా ఇచ్చే ప్రకటన. మూర్ఛ గాని, ఏ కారణం చేతనైనా అకస్మాత్తుగా స్పృహ తప్పటం లేదా కళ్ళు తిరగటం గాని ఉన్నవా, చూపు, వినికిడి సరిగా ఉన్నవా, రేచీకటి ఉన్నదా, కాలు చేయి లోపం ఉన్నదా అని ఇందులో అడుగుతారు. ప్రజలకు అపాయం కలిగించగల వేరే వ్యాధి ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్న కూడా ఉన్నది. స్లీప్ ఆప్నియా ఈ చివరి ప్రశ్న క్రిందికి రాగలదు. కాని తనకు ఆ రుగ్మత ఉన్నదని తెలియని మనిషి నిజాయితీగానే "లేదు" అని వ్రాస్తాడు.

ఫారం 1-ఏ వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం. చూపు లోపం, రంగుల గుర్తింపు, 25 మీటర్ల దూరం నుండి వాహనపు నంబరు ప్లేటు చదవగలగటం, చెవుడు, రేచీకటి, అవయవ లోపం గురించి వైద్యుడు ఇందులో తెలపాలి. దూరపు చూపు, వినికిడి, చేతులు, కాళ్ళు, కీళ్ళను ప్రత్యేకంగా పరిశీలించినట్లు ధ్రువీకరించాలి. గురక, పగటినిద్ర, మెడ చుట్టుకొలత, రక్తపోటు గురించి ఇందులో గడి లేదు.

రవాణా వాహనపు లైసెన్సుకు, అలాగే నలభై ఏళ్ళు దాటినవారి లైసెన్సు పునరుద్ధరణకు ఫారం 1-ఏ అవసరం. 2019లో చేసిన సవరణ ప్రకారం రవాణా వాహనాల లైసెన్సు కాలపరిమితి మూడు సంవత్సరాల నుండి ఐదు సంవత్సరాలకు, ప్రమాదకర సరుకులు మోసే వాహనాల లైసెన్సు కాలపరిమితి ఒక సంవత్సరం నుండి మూడు సంవత్సరాలకు పెరిగినది. దీనివలన డ్రైవర్లకు కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తగ్గినది. అదే సమయంలో రెండు వైద్య పరీక్షల మధ్య వ్యవధి కూడా పెరిగినది.

7,500 కిలోల లోపు బరువు గల రవాణా వాహనాలను తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. సాధారణ లైసెన్సు ముప్పై ఏళ్ళ లోపు తీసుకుంటే నలభై ఏళ్ళ వరకు, ముప్పై నుండి యాభై ఏళ్ళ మధ్య తీసుకుంటే పది సంవత్సరాల వరకు చెల్లుతుంది. కనుక క్యాబు, చిన్న సరుకు వాహనం నడిపే యువకుడు ఏళ్ళ తరబడి వైద్యుని ముందుకు వెళ్ళవలసిన అవసరం ఏర్పడకపోవచ్చును.

చట్టంలోని 16వ సెక్షను ప్రకారం వ్యాధి లేదా అంగవైకల్యం వలన డ్రైవింగుకు తగడని సహేతుకంగా భావిస్తే లైసెన్సు అధికారి దానిని రద్దు చేయవచ్చును లేదా కొత్త వైద్య ధ్రువపత్రం కోరవచ్చును. 186వ సెక్షను ప్రకారం శారీరకంగా గాని మానసికంగా గాని తగని స్థితిలో ఉన్నట్లు తెలిసీ వాహనం నడిపితే మొదటిసారి వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఈ రెండు సెక్షన్లూ రుగ్మత బయటపడిన తరువాత ఏమి చేయాలో చెబుతాయి గాని, దానిని ముందుగా కనుగొనే మార్గం చెప్పవు.

పని గంటలు

2025 వరకు అమలులో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం డ్రైవరు పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్న నిబంధన ఉండేది. దూర ప్రయాణాలకు ఇది రోజుకు పది గంటలు, వారానికి 54 గంటల వరకు ఉండటానికి వీలుండేది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన సర్వేలో లారీ డ్రైవర్లు సగటున రోజుకు సుమారు 12 గంటలు నడుపుతున్నట్లు, దాదాపు సగం మంది అలసట లేదా నిద్ర ముంచుకొచ్చినా నడుపుతున్నట్లు తేలినది. ట్రిప్పుల లెక్కన కూలి ఇచ్చేచోట నిద్ర అంటే ఆదాయ నష్టమే.

నిద్రలేమి, స్లీప్ ఆప్నియా ఒకటి కావు. మొదటిదానికి మందు విశ్రాంతి. రెండవదానిలో ఎనిమిది గంటలు పడుకున్నా మగత తీరదు. అందువలన పని గంటలను తగ్గించినంత మాత్రాన రెండవ సమస్య పరిష్కారం కాదు. పని గంటలను అలాగే ఉంచి వైద్య పరీక్షలు మాత్రమే పెంచితే మొదటి సమస్య పరిష్కారం కాదు.

ఇతర దేశాలలో

అమెరికాలో అంతర్రాష్ట్ర లారీ డ్రైవర్లు గరిష్ఠంగా 24 నెలలకొకసారి వైద్య ధ్రువపత్రం పొందాలి. 2014 మే నుండి జాతీయ జాబితాలో నమోదైన పరీక్షకులే దీనిని ఇవ్వాలి. వాహనాన్ని అదుపులో ఉంచటానికి అడ్డు కాగల శ్వాస సంబంధమైన రుగ్మత ఉండరాదని నిబంధన చెబుతుంది. కాని స్లీప్ ఆప్నియా కొరకు ఎవరిని పరీక్షించాలో అందులో వివరంగా లేదు. 2009 జూన్ 26న ఒక్లహోమా రాష్ట్రంలోని మయామి పట్టణం వద్ద ఆగి ఉన్న కార్లపైకి లారీ దూసుకుపోగా పదిమంది మరణించారు. డ్రైవరు అలసట దీనికి కారణమని దర్యాప్తు సంస్థ తేల్చినది. అతనికి స్వల్ప స్థాయి స్లీప్ ఆప్నియా ఉన్నట్లు కూడా బయటపడినది.

ఈ విషయంలో ఏ నియమం తెచ్చినా కేవలం మార్గదర్శకాల ద్వారా కాక, ప్రజాభిప్రాయ సేకరణతో కూడిన పద్ధతిలోనే తేవాలని 2013 అక్టోబరులో అమెరికా చట్టం చేసినది. 2016 మార్చిలో రవాణా శాఖ ఆ ప్రక్రియ ప్రారంభించి, 2017 ఆగస్టులో ఉపసంహరించుకున్నది. దీనివలన నిర్ణయం ఒక్కొక్క పరీక్షకుని విచక్షణకే మిగిలినది. ఒకే డ్రైవరును ఒక ఊరిలో నిద్ర పరీక్షకు పంపవచ్చును, మరొక ఊరిలో పంపకపోవచ్చును. పరీక్ష ఖర్చు తమ మీద పడుతున్నదని, శరీరపు బరువును బట్టి అనుమానిస్తున్నారని స్వంత లారీ డ్రైవర్ల సంఘాలు నిరసన తెలిపాయి.

అయితే 2016లో అమెరికాలోని ఒక పెద్ద రవాణా సంస్థ డ్రైవర్లపై ప్రచురించిన అధ్యయనం ఈ చర్చలో ముఖ్యమైనది. సంస్థయే పరీక్ష, చికిత్స ఏర్పాటు చేయగా, చికిత్సను ఏమాత్రం పాటించని డ్రైవర్లలో తీవ్ర ప్రమాదాల రేటు ఆరోగ్యవంతుల కంటె సుమారు ఐదు రెట్లు ఉన్నట్లు, చికిత్స పాటించినవారి రేటు ఆరోగ్యవంతులతో సమానంగా ఉన్నట్లు అందులో తేలినది.

ఐరోపా సమాఖ్య 2014 జూలై 1 నాటి ఆదేశంతో స్లీప్ ఆప్నియాను లైసెన్సు నిబంధనలలో చేర్చినది. మధ్యస్థ లేదా తీవ్ర రుగ్మత ఉన్నదని అనుమానం కలిగితే లైసెన్సు ఇచ్చే ముందు వైద్య సలహా పొందాలి. చికిత్స సరిగా జరుగుతూ, పగటి మగత తగ్గినట్లు తేలితే లైసెన్సు ఇవ్వవచ్చును. కారు నడిపేవారికి మూడు సంవత్సరాలకు మించకుండా, లారీ, బస్సు నడిపేవారికి ఒక సంవత్సరానికి మించకుండా తిరిగి పరిశీలన జరగాలి. ఆస్ట్రేలియాలో కూడా వాణిజ్య డ్రైవర్లకు ఏటా సమీక్షతో షరతుల లైసెన్సు ఇచ్చే పద్ధతి ఉన్నది.

పరీక్షించే పద్ధతులు

మొదటి దశలో ప్రశ్నావళులు వాడతారు. కెనడాలో రూపొంది 2008లో ప్రచురితమైన స్టాప్-బ్యాంగ్ పద్ధతిలో ఎనిమిది అంశాలు ఉన్నవి. అవి పెద్ద గురక, పగటి అలసట, నిద్రలో శ్వాస ఆగటాన్ని ఇతరులు గమనించటం, రక్తపోటు, స్థూలకాయం, యాభై దాటిన వయసు, 40 సెంటీమీటర్లు మించిన మెడ చుట్టుకొలత, పురుషుడై ఉండటం. ఐదు లేదా అంతకంటె ఎక్కువ అంశాలు వర్తిస్తే రుగ్మత ఉండే అవకాశం హెచ్చు. దీనికి కొలత టేపు, రక్తపోటు పరికరం, బరువు యంత్రం చాలును. 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ రూపొందించిన ఎప్‌వర్త్ కొలమానంలో ఎనిమిది సందర్భాలలో కునుకు పట్టే అవకాశానికి 24 వరకు మార్కులు వేస్తారు. 10 దాటితే అధిక మగతగా భావిస్తారు.

శ్వాస ఆగటాన్ని గమనించేది సాధారణంగా భార్య. నెలలో ఎక్కువ రాత్రులు లారీలోనే గడిపే డ్రైవరు విషయంలో ఆ సంగతి ఎరిగినవాడు ప్రక్కన పడుకునే క్లీనరు. వైద్యుడు అతనిని కూడా అడగటం ఉపయోగకరం.

ప్రశ్నావళికి ఒక పరిమితి ఉన్నది. ఎదురుగా లైసెన్సు ఉన్నపుడు మగత గురించి నిజం చెప్పేవారు తక్కువ. అందువలన మెడ కొలత, రక్తపోటు, బరువు వంటి కొలవగల అంశాలకు ప్రాధాన్యం ఇస్తారు. రుగ్మత నిర్ధారణకు మాత్రం పాలీసోమ్నోగ్రఫీ అనే నిద్ర పరీక్ష అవసరం. రాత్రంతా మెదడు తరంగాలు, శ్వాస, ప్రాణవాయువు శాతం, గుండె లయలను ఇందులో నమోదు చేస్తారు. ఇంటిలోనే చేసుకోదగిన చిన్న పరికరాలు కూడా అందుబాటులోకి వచ్చాయి.

చికిత్స

బరువు తగ్గటం, మద్యం మానటం, ప్రక్కకు తిరిగి పడుకోవటం స్వల్ప దశలో మేలు చేస్తాయి. మధ్యస్థ, తీవ్ర దశలలో ప్రధాన చికిత్స సీపాప్ యంత్రం. దీనిని ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ రూపొందించి 1981లో ప్రకటించాడు. ముక్కుపై తగిలించిన మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా చేయటం దీని సూత్రం. రాత్రికి కనీసం నాలుగు గంటల చొప్పున, నూటికి డెబ్భై రాత్రులు వాడటాన్ని అమెరికాలో కనీస ప్రమాణంగా తీసుకుంటారు. వాడకాన్ని యంత్రమే నమోదు చేస్తుంది. అనేక మందికి కొద్ది రోజులలోనే పగటి మగత తగ్గుతుంది.

లారీ డ్రైవరుకు ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. యంత్రం ధర సాధారణంగా అతని నెల జీతం కంటె ఎక్కువ. లారీ బ్యాటరీతో నడపటానికి తగిన కన్వర్టరు కావాలి. రోడ్డు ప్రక్కన దుమ్ములో మాస్కును, గొట్టాన్ని శుభ్రంగా ఉంచుకోవటం కష్టం.

ఉపాధి సమస్య

వైద్య పరీక్షలో తప్పితే జీవనోపాధి పోతుందన్న భయం ఈ విషయంలో అన్నిటికంటె పెద్ద అడ్డంకి. ఇది ఊహాజనితమైన భయం కాదు. తెలంగాణ ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరును రంగుల గుర్తింపు లోపం ఉన్నదని వైద్య కారణాలపై పదవీ విరమణ చేయించగా, ఆ వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వటానికి సంస్థ తగిన ప్రయత్నం చేయలేదని భావించి, అతనికి తగిన వేరే పని ఇవ్వాలని 2025 ఆగస్టు 1న కోర్టు ఆదేశించినది. 1979 నాటి కార్మిక ఒప్పందాన్ని ఈ తీర్పులో పరిగణించారు. ఆర్టీసీ కార్మికునికి ఇటువంటి ఒప్పందము, సంఘము, కోర్టుకు వెళ్ళే మార్గము ఉన్నవి. టిప్పరుకో, నీళ్ళ ట్యాంకరుకో ట్రిప్పు లెక్కన పనిచేసేవానికి ఇవేవీ లేవు.

రంగుల గుర్తింపు లోపానికి, స్లీప్ ఆప్నియాకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మొదటిది పుట్టుకతో వచ్చి సాధారణంగా మారనిది. రెండవది చికిత్సతో అదుపులోకి వచ్చేది, చికిత్స పొందిన డ్రైవరు తిరిగి సురక్షితంగా నడపగలడు. కనుక పరీక్ష ఫలితాన్ని లైసెన్సు రద్దుకు కాక చికిత్సకు దారిగా ఉపయోగించిన చోటనే డ్రైవర్లు ముందుకు వస్తారన్నది ఇతర దేశాల అనుభవం. చికిత్స ఏర్పాటు లేకుండా ఫారములో ప్రశ్న మాత్రమే చేర్చితే రుగ్మతను దాచటం, డబ్బిచ్చి ధ్రువపత్రం తెచ్చుకోవటం పెరిగే ప్రమాదం ఉన్నది.

మన దేశంలో డ్రైవర్ల కంటి పరీక్షలు దీనికి ఒక నమూనాగా చెప్పవచ్చును. సైట్‌సేవర్స్ సంస్థ "రాహీ" కార్యక్రమం ద్వారా లారీలు ఆగే చోటులలోనే కళ్ళు పరీక్షించి కళ్ళద్దాలు ఇస్తున్నది. చూపు తక్కువ ఉన్నదని తేలిన డ్రైవరు లైసెన్సుతో పాటు కళ్ళద్దాలతో వెళతాడు. మెడ కొలత, రక్తపోటు పరీక్షలను ఇటువంటి శిబిరాలలో చేర్చటం కష్టం కాదు.

వాహనాలలో మార్పులు కూడా జరుగుతున్నాయి. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబినులలో ఎయిర్ కండిషనింగ్ తప్పనిసరి చేశారు. డ్రైవరు మగతను గుర్తించి హెచ్చరించే పరికరాలను భారీ వాహనాలలో అమర్చేందుకు 2025లో ముసాయిదా నియమాలు వెలువడినవి. ఇవి కునుకు పట్టిన క్షణంలో మేల్కొలుపుతాయి గాని, రుగ్మతను నయం చేయవు.

గమనించదగిన లక్షణాలు

ఈ క్రింది లక్షణాలు ఉన్న డ్రైవర్లు ఊపిరితిత్తుల వైద్యుని గాని, చెవి ముక్కు గొంతు వైద్యుని గాని సంప్రదించటం మంచిది.

- ప్రక్క గదిలోకి వినబడేంత గురక, మధ్యలో గురక హఠాత్తుగా ఆగి నిశ్శబ్దం
- ఊపిరాడనట్లు ఉలిక్కిపడి లేవటం
- ఉదయం తలనొప్పి, నోరు ఎండిపోవటం
- రాత్రి పలుమార్లు మూత్రానికి లేవటం
- చాలినంత పడుకున్నా సిగ్నలు వద్ద, లోడింగు వద్ద కునుకు పట్టటం
- దాటి వచ్చిన ఊర్లు గుర్తుకు రాకపోవటం
- మందులకు లొంగని రక్తపోటు

టీ త్రాగటం, ముఖం కడుక్కోవటం, కిటికీ తెరచి నడపటం కొద్ది నిమిషాలకు మించి పనిచేయవు. మగత వచ్చినపుడు వాహనాన్ని రోడ్డు అంచున కాక, పెట్రోలు బంకు, ధాబా వంటి సురక్షిత స్థలంలో ఆపి పడుకోవాలి.

ఇవి కూడా చూడండి

- గురక
- మోటారు వాహనాల చట్టం, 1988
- ఔటర్ రింగ్ రోడ్డు, హైదరాబాదు
- మణికొండ